ఒక్క టిక్ మార్క్ కోసం అప్పు చేయొద్దు

ప్రశ్న: మాది ఖమ్మం. అప్లైడ్ ఆర్ట్‌లో బీఎఫ్‌ఏ ఈ ఏడాదే పూర్తయింది. హైదరాబాద్‌లో ఒక డిజైన్ స్టూడియోకి అప్లై చేస్తే, పది పేజీల పోర్ట్‌ఫోలియోను ఒకే పీడీఎఫ్‌గా పంపమన్నారు. గింప్ అనే ఉచిత ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పేజీని ఒక్కో లేయర్‌గా, అంటే ఒకదానిమీద ఒకటి పరిచే పొరగా చేసుకున్నాను. ఎక్స్‌పోర్ట్ చేస్తే పైనున్న పేజీ ఒక్కటే వస్తోంది. ఫోటోషాప్ కోర్సు చేయకపోతే ఈ ఫీల్డ్‌లో కష్టమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఫీజుకు నాన్న అప్పు తెస్తానంటున్నారు. చేరమంటారా?

జవాబు: చేరొద్దు. కనీసం ఈ కారణంతో చేరొద్దు.

2018లో వచ్చిన గింప్ 2.10, ఆ తర్వాతి వెర్షన్లలో మీకు కావలసింది ఉంది. ఫైల్ మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’ కొట్టి, ఫైలు పేరు చివర డాట్ పీడీఎఫ్ అని టైప్ చేస్తే ఒక చిన్న విండో వస్తుంది. అందులో ‘లేయర్స్ యాజ్ పేజెస్’ దగ్గర టిక్ పెట్టండి. అది లేకపోవడం వల్లే పది లేయర్లూ ఒకదానిమీద ఒకటి పడి పైది మాత్రమే కనిపిస్తోంది. పేజీల లెక్క మాత్రం అట్టడుగు లేయర్ నుంచి మొదలవుతుంది. కవర్ పేజీని పైన పెట్టుకుని ఉంటే పేజీల వరుసను తిరగేసే టిక్ కూడా పెట్టాలి. లేదంటే స్టూడియోవాళ్లకు ముందు మీ ఫోన్ నంబరు, చివర్లో మీ పేరు కనిపిస్తాయి.

ఇంకో రెండు చోట్ల దెబ్బతింటారు. పని చేసేటప్పుడు కన్ను బొమ్మ నొక్కి లేయర్లు దాచేస్తుంటాం కదా, దాచిన లేయర్లను వదిలేయమనే టిక్ ఉంటే ఆ పేజీలు పీడీఎఫ్‌లో రావు. రెండోది, ఒక పేజీలో ఫోటో, బ్యాక్‌గ్రౌండ్, అక్షరాలు వేర్వేరు లేయర్లుగా ఉంటే ఆ మూడూ మూడు పేజీలైపోతాయి. ముందు ఫైలుకు కాపీ తీసుకుని, ఆ కాపీలో ఏ పేజీ లేయర్లను ఆ పేజీకి కలిపేయండి. ఒరిజినల్‌ను ముట్టుకోవద్దు. కలిపేశాక అక్షరాలు కూడా బొమ్మలో భాగమైపోతాయి, ఇక దిద్దడం కుదరదు.

ఇక ఫోటోషాప్ సంగతి. అక్కడ కూడా లేయర్లున్న ఫైలును మామూలుగా పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే వచ్చేది ఒక్క పేజీయే. పేజీలు విడిగా రావాలంటే ఒకే ఫైల్లో విడివిడి పేజీల్లా ఉండే ఆర్ట్‌బోర్డులు చేసుకుని ‘ఆర్ట్‌బోర్డ్స్ టు పీడీఎఫ్’ వాడాలి, లేదా ఫైల్ మెనూలో ఆటోమేట్‌లోని ‘పీడీఎఫ్ ప్రెజెంటేషన్’కి వెళ్లాలి. అంటే అప్పు చేసి కోర్సులో చేరినా మీరు మళ్లీ ఇదే మెనూ వెతుక్కునేవారు!

సైజు కూడా చూసుకోండి. ఏ4 పేజీ ప్రింటుకైతే 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు), అంటే పేజీకి 2480 × 3508 పిక్సెళ్లు. మీ పోర్ట్‌ఫోలియోను చూసేది స్క్రీన్ మీద కాబట్టి 150 చాలు, 1240 × 1754. ఆ మధ్య ఒకబ్బాయి పంపిన పోర్ట్‌ఫోలియో నా ఫోన్‌లో తెరుచుకోనే లేదు. బొమ్మలు బాగుండే ఉంటాయి, నేను మాత్రం చూడలేదు.

తెలుగు పోస్టర్లు పెడుతున్నట్టయితే ఎక్స్‌పోర్ట్ అయ్యాక ప్రతి పేజీనీ జూమ్ చేసి ఒత్తులు చూడండి. పాత ఫోటోషాప్ వెర్షన్లలో టైప్ సెట్టింగ్ మార్చకుండా యూనికోడ్ తెలుగు కొడితే ‘స్త్రీ’ కాస్తా స్, త్, రీ అని విడిపోయి కూర్చునేది. వాటిలో తెలుగు కోసం టైప్ సెట్టింగుల్లో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకోవాలి. ఈ సంగతి తెలిసిన డిజైనర్‌కి తెలుగు పని చేసే స్టూడియోల్లో విలువ ఉంటుంది.

మీ ఫ్రెండ్స్ మాట పూర్తిగా తప్పని కూడా అనను. స్టూడియోల్లో ఎక్కువగా అడోబీ సాఫ్ట్‌వేర్లే నడుస్తాయి, ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకోక తప్పదు. నేర్చుకునేటప్పుడు మాత్రం ఫోటోషాప్‌తో సరిపెట్టుకోకుండా, పేజీలు పేర్చడానికి అడోబీవాళ్లే చేసిన ఇన్‌డిజైన్ మీద కూర్చోండి. ఫోటోషాప్, గింప్ బొమ్మల కోసం పుట్టినవి. పది పేజీలు, పేజీ నంబర్లు, ఒకే మార్జిన్లు కావాలంటే పేజీల సాఫ్ట్‌వేరే సుఖం. డబ్బు పెట్టకుండా అలవాటు కావాలంటే స్క్రైబస్ అనే ఉచిత పేజీల సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ 2022లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి ఒకే ఫైల్లో చాలా పేజీలు పెట్టుకోవచ్చు. ఇందులో ఒక దాంట్లో చేయి తిరిగితే ఇన్‌డిజైన్ పెద్ద కష్టమనిపించదు.

నాన్నగారిని ఆగమని చెప్పండి. పీడీఎఫ్ చేశాక ముందు మీ ఇంట్లో ఎవరి ఫోన్‌కైనా పంపి తెరిచి చూడండి. పది పేజీలూ వరుసగా వచ్చాయనుకున్నాకే స్టూడియోకి పంపండి. ఫైలు పేరు కూడా ‘ఫైనల్ ఫైనల్ 2’ అని కాకుండా మీ పేరే పెట్టండి.