హోటల్ పంపిన కారు నంబరు ఎక్కడ?

ప్రశ్న: 2024 అక్టోబరులో ఒంటరిగా ఇటలీ వెళ్లాను. పీసాలో కారు అద్దెకు తీసుకుని 6వ తేదీ రాత్రి లూక్కా చేరాను. జోరున వాన, రోడ్డు మీద మనిషి లేడు, భాష రాదు. ఫోన్‌లో మ్యాప్ చూపిన దారినే కోటగోడ ద్వారం గుండా లోపలికి వెళ్లిపోయాను. ‘కారు నంబరు పంపండి, మేం చూసుకుంటాం’ అని హోటల్‌వాళ్లు ముందురోజే వాట్సాప్‌లో అంటే పంపాను కూడా. 2025 జనవరి 22న అద్దె కంపెనీ నా కార్డు నుంచి 48 యూరోలు తీసుకుంది. అదే జరిమానా అనుకుని ఊరుకున్నాను. డిసెంబరు 4న 83 యూరోలు, పైన ఖర్చులు కట్టమంటూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. నవంబరు 18న పోస్టు చేసినట్టు దానిమీద ఉంది. కవరు పారేశాను. 360 రోజులు దాటాయి కాబట్టి నోటీసు చెల్లదని స్నేహితులు అంటున్నారు. హోటల్ యజమాని పాత తేదీ వేసి ఉత్తరం రాసిస్తానంటున్నాడు. తెలియని ఊళ్లో ఒంటరి ఆడమనిషికి ఇది అన్యాయం కాదా? మార్చిలో ఉద్యోగానికి మ్యూనిక్ వెళ్తున్నాను. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వాన, చీకటి, ఒంటరితనం ఈ కేసులో లెక్కలోకి రావు. లూక్కా కోటగోడ చుట్టుకొలత 4 కిలోమీటర్ల పైమాటే. దాని లోపలి పాత ఊళ్లో చాలా భాగం జడ్‌టీఎల్, అంటే అనుమతి లేని బండి రాకూడని ప్రాంతం. దారిలో ఉన్న కెమెరా నంబరు ప్లేటు చదివి, అది అనుమతుల జాబితాలో ఉందో లేదో చూస్తుంది. డ్రైవరు ఎవరు, ఎందుకు వచ్చారు అన్నది దానికి పట్టదు. కాబట్టి మీ కేసును తేల్చే ప్రశ్న ఒక్కటే. మీరు పంపిన నంబరును హోటల్ మున్సిపాలిటీకి ఇచ్చిందా? ఇస్తే ఏ రోజు, ఎన్ని గంటలకు?

ఇచ్చి ఉంటే మీ చేతిలో గట్టి వాదన ఉంది. ఇవ్వకపోతే తప్పు హోటల్‌దే అయినా జరిమానా మీదే. బోర్డు అర్థం కాలేదన్న మాట అక్కడ నిలవదు. ఇలాంటి ఊళ్లలో ద్వారం దగ్గర ‘వార్కో ఆత్తీవో’ అని వెలుగుతుంటే దారి తెరిచి ఉందనుకుని చాలామంది లోపలికి పోతారు. దాని అర్థం కెమెరా పనిచేస్తోంది, రావద్దు అని. మ్యాప్ ఆ దారి చూపించిందన్నదీ అనుమతి కిందకు రాదు.

ఇక 360 రోజుల సంగతి. మీ స్నేహితులు సగమే చదివారు. విదేశాల్లో ఉండేవారికి నోటీసు 360 రోజుల్లో పంపాలని ఇటలీ రోడ్డు చట్టం 201వ సెక్షన్ అంటుంది. కానీ ఆ లెక్క చివరన చూసేది మీకు ఉత్తరం అందిన తేదీని కాదు, వాళ్లు పోస్టుకు అప్పగించిన తేదీని. అక్టోబరు 6 నుంచి లెక్కేస్తే 2025 అక్టోబరు 1కే గడువు తీరింది, నవంబరు 18 ఆలస్యమే. అయితే కారు మీ పేరున లేదు. పోలీసులు ముందు అద్దె కంపెనీకి రాస్తారు, కంపెనీ మీ పేరు, చిరునామా ఇస్తుంది. నడిపినవారెవరో తెలిసిన రోజు నుంచే తమ గడువు మొదలవుతుందని పోలీసులు వాదిస్తారు. డ్రైవరును గుర్తించగలిగే స్థితి వచ్చిన రోజు నుంచి లెక్కించవచ్చన్న మాట అదే సెక్షన్‌లో ఉంది కాబట్టి ఆ వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. జనవరి 22 దరిదాపుల్లో మీ పేరు వాళ్లకు చేరిందనుకుంటే గడువు 2026 జనవరి 17 దాకా ఉంటుంది, నోటీసు సకాలంలో వచ్చినట్టే. అందుకని ఈ ఒక్క పాయింటునే నమ్ముకుని కూర్చోవద్దు.

ఇందులో మీకు పనికొచ్చే చిన్న సందు ఒకటుంది. అద్దె కంపెనీకి వెళ్లాల్సిన మొదటి ఉత్తరం ఘటన జరిగిన 90 రోజుల్లో, అంటే 2025 జనవరి 4 లోపు పోస్టు కావాలి. అది ఆలస్యమైతే గడువు దాటిందన్న మీ వాదన బలపడుతుంది. పోలీసుల నుంచి వచ్చిన ఆ కాగితం నకలు ఇమ్మని కంపెనీకి ఈరోజే ఈమెయిల్ పెట్టండి. వాళ్లు తీసుకున్న 48 యూరోలు జరిమానా కాదు, మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు ఒప్పందం ప్రకారం వసూలు చేసిన రుసుం. ఆ డబ్బు కట్ అయిన రోజే ఎందుకని అడిగి ఉంటే హోటల్ నుంచి సాక్ష్యం తీసుకోవడానికి మీకు ఏడాది సమయం దొరికేది. పైగా కవరు పారేశారు! గడువుల మీద నడిచే కేసులో పోస్టు ముద్ర ఉన్న కవరే సగం సాక్ష్యం. అందిన తేదీ కోసం ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో ఆ రిజిస్టర్డ్ నంబరు ట్రాకింగ్ తీసి, స్క్రీన్ ప్రింటు దాచుకోండి.

పాత తేదీ ఉత్తరం జోలికి మాత్రం వెళ్లకండి. హోటల్ నంబరు ఎక్కించిన తేదీ, సమయం మున్సిపాలిటీ కంప్యూటర్‌లో ఉంటాయి. ‘ఆ రోజే పంపాం’ అన్న ఉత్తరం మీరు పెట్టిన మరుక్షణం వాళ్లు రికార్డు తీసి చూస్తారు. 83 యూరోల జరిమానా కాస్తా ప్రభుత్వ కార్యాలయానికి తప్పుడు కాగితం ఇచ్చిన నేరమవుతుంది. ఆయనతోపాటు మీరూ ఇరుక్కుంటారు. ఆయన మంచితనంతోనే అని ఉండొచ్చు, అయినా మర్యాదగా వద్దని చెప్పండి.

ఆయన్ను అడగాల్సింది వేరే ఉంది. అక్టోబరు 5, 6 తేదీల్లో మీ నంబరు పంపినప్పుడు వచ్చిన రసీదో, అప్పటి ఈమెయిలో ఉన్నది ఉన్నట్టు ఇమ్మనండి. నంబరు సరిగ్గా కొట్టారేమో కూడా చూడండి. ఇటలీ ప్లేటు మీద రెండు అక్షరాలు, మూడు అంకెలు, మళ్లీ రెండు అక్షరాలు ఉంటాయి. ఒక్కటి తారుమారైనా కెమెరాకు అది వేరే బండి. మీ వాట్సాప్ సంభాషణను తేదీలు కనిపించేలా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఫోన్ మారిస్తే అది కూడా పోతుంది.

రసీదు దొరికితే నోటీసును తామే రద్దు చేసుకోమని మున్సిపల్ పోలీసుకు రాయవచ్చు. కానీ ఆ విన్నపంతో గడువు ఆగదు. జవాబు కోసం చూస్తూ కూర్చున్నవాళ్లు నష్టపోయేది అక్కడే. నోటీసు అందిన రోజు నుంచి అప్పీలుకో, కట్టడానికో మీకున్న 60 రోజులు 2026 ఫిబ్రవరి 2తో ముగుస్తాయి. అప్పీలుకు రెండు దారులున్నాయి. మన కలెక్టర్ లాంటి ప్రెఫెత్తోకు రాయడానికి ఫీజు లేదు, కానీ ఓడితే కనీస జరిమానాకు రెట్టింపు, అంటే 166 యూరోలకు తగ్గకుండా పడుతుంది. చిన్న కేసులు చూసే శాంతి న్యాయమూర్తి దగ్గరికైతే కోర్టు రుసుమే 43 యూరోలు. విదేశాల్లో ఉండేవారికి అక్కడ కూడా 60 రోజులే. వాయిదా ఇటలీలో, కాగితాలు ఇటాలియన్‌లో. హైదరాబాద్ నుంచి ఈ రెండోది మీకు గిట్టుబాటు కాదు. అక్కడి లాయరును పెడితే జరిమానా కన్నా ఫీజే ఎక్కువవుతుంది. హోటల్ రసీదు చేతిలో ఉంటేనే ప్రెఫెత్తోకు వెళ్లండి. ఒక్క 360 రోజుల మాట పట్టుకుని వెళ్లవద్దు.

ముందు కట్టేసి తర్వాత పోరాడతానంటే కుదరదు, కట్టగానే అప్పీలు హక్కు పోతుంది. నోటీసు అందిన 5 రోజుల్లో కట్టి ఉంటే 30 శాతం తగ్గి 58.10 యూరోలు, ఖర్చులతో సరిపోయేది. ఆ రాయితీ డిసెంబరు 9తో అయిపోయింది. ఇప్పుడు 58.10 పంపితే దాన్ని కొంత బాకీ తీర్చినట్టుగా రాసుకుని మిగతాది వసూలు చేస్తారు. కట్టకుండా వదిలేస్తే అసలు 166 యూరోలకు పెరుగుతుంది, పైన ఆరు నెలలకోసారి 10 శాతం. వసూలుకు వాళ్లకు ఐదేళ్లుంది. హైదరాబాద్‌లోనే ఉండిపోయేవారి ఆస్తిని ఇటలీ మున్సిపాలిటీ జప్తు చేయడం జరిగే పని కాదు. కానీ మీరు వెళ్తున్నది జర్మనీకి. 70 యూరోలు, ఆపైన ఉన్న జరిమానాలను యూరోపియన్ యూనియన్ దేశాలు ఒకరి కోసం ఒకరు వసూలు చేసే ఏర్పాటు 2005 నుంచి ఉంది. జర్మనీలో ఆ పని చూసేది బాన్‌లోని ఫెడరల్ జస్టిస్ ఆఫీసు.

జనవరి 26 దాకా ఆగండి. అప్పటికి హోటల్ నుంచి రసీదు రాకపోతే 83 యూరోలు, నోటీసులో రాసిన ఖర్చులు కలిపి కట్టేయండి. నోటీసులో ఇచ్చిన వెబ్‌సైట్‌లో కార్డుతో కట్టడం తేలిక. బ్యాంకు ద్వారా పంపితే ఛార్జీలన్నీ మీరే భరించే ‘అవర్’ పద్ధతి ఎంచుకోండి, లేకపోతే మధ్యలోని బ్యాంకు కోసుకుని తక్కువ చేరుతుంది. నోటీసు నంబరు, కారు నంబరు రాయడం మరవకండి. గడువు ముగిసిన రెండు రోజుల్లోగా డబ్బు వాళ్ల ఖాతాలో పడకపోతే ఆలస్యం కిందే లెక్క, కాబట్టి చివరి రోజు దాకా ఉంచకండి. కట్టాక ఆ రసీదు, ‘మేం చూసుకుంటాం’ అన్న వాట్సాప్ మెసేజి జతచేసి ఆ మొత్తం తిరిగి ఇవ్వమని హోటల్‌కు రాయండి. నిజమైన తేదీతో, నిజమైన ఉత్తరం.