2012 మోడల్ కారు కొనొచ్చా?

ప్రశ్న: ఉప్పల్‌లో ఒకాయన 2012 మోడల్ పెట్రోల్ కారు అమ్ముతున్నారు. రేటు తక్కువే, పెయింట్ మెరిసిపోతోంది. కొనేముందు ఏమేం చూడాలండీ?

జవాబు: పాత కారుకు కొత్త పెయింట్ అంటే నాకైతే అనుమానమే. ముందు ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే, అంటే 2012లో రిజిస్టరైతే 2027తో అయిపోతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ అదనం, ఈ ఖర్చంతా బేరంలోనే తగ్గించేయండి. లోన్ తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉండిపోతే దాన్ని తీసేయించే ఫారం 35, బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లెటర్) అమ్మేఆయనే తెచ్చివ్వాలి. పెండింగ్ చలాన్లు కూడా ఆయనవే!

మన హైదరాబాద్‌లో ఇంకో టెన్షన్ నీళ్లు. 2020 అక్టోబరు వరదల్లో ఎన్ని కాలనీలు మునిగాయో మీకు తెలుసు. మునిగిన కారుని కడిగి పాలిష్ పెడితే పైకి ఏమీ తెలియదు. అందుకే సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగండి, బురద మరక కనబడిందా, ఇక బేరం వద్దు. సీట్ల కింద బోల్టులు తుప్పుపట్టాయా, మ్యాట్ ఎత్తితే ముక్కవాసన వస్తోందా అన్నదీ చూడండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి, మీరు వెళ్లేసరికే వేడెక్కించి పెట్టారంటే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టే. మెకానిక్‌ని మీరే తీసుకెళ్లండి, ఆయన చూపించినతన్ని కాదు. డబ్బిచ్చే రోజే కారు మీ పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని, 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్పించుకోండి.