కాలమ్‌లో ఆగిన నిమిషాలు

అమ్మా,

అద్దంలో బొమ్మల్లా కుడి, ఎడమ రూపాలుండే మందు అణువులను విడదీయడం మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 1848లో పాశ్చర్ స్ఫటికాలను పట్టకారుతో ఏరి కుడి, ఎడమ కుప్పలుగా పోసిన సంగతి బాగా రాశావు. ఆ అణువులను విడదీసే గొట్టం, అంటే కాలమ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "జల్లెడ పట్టినట్టు" అనేశావు. ఒకప్పుడు నేనూ అదే మాట రాశాను. మర్నాడే బల్క్ డ్రగ్ ల్యాబ్‌లో పనిచేసే ఒక పాఠకుడు ఫోన్ చేసి, "సార్, ఆ రెండు అణువులూ ఒకే బరువు, ఒకే సైజు. జల్లెడకేం తెలుస్తుంది?" అన్నాడు. నోరు పెగల్లేదు.

ఆయన ల్యాబ్‌కే వెళ్లి కూర్చున్నాను. చూడ్డానికి ఏముంది? 25 సెంటీమీటర్ల స్టీలు గొట్టం. లోపల 5 మైక్రాన్ల సిలికా గుళికలు, వాటి మీద సెల్యులోజ్ నుంచి చేసిన పూత. (దీనికి దారి వేసిన జపాన్ రసాయనవేత్త యోషియో ఒకామోటో పేరు ఒక్కసారైనా రాయి.) మిషన్ మీద ఎర్ర స్కెచ్‌తో "డీసీఎం పోయొద్దు" అని చీటీ. డీసీఎం అంటే డైక్లోరోమీథేన్ అనే ద్రావకం. అది పోస్తే పూత కరిగి కాలమ్ పోతుందట. నీ వ్యాసంలో ఇలాంటి చీటీ ఒక్కటీ లేదు.

హెక్సేన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అనే ద్రావకాలు కలిపి నిమిషానికి 1 మిల్లీలీటరు పంపుతున్నారు. మొదటి పీక్ (అణువులు బయటికొచ్చినట్టు మిషన్ చూపే గుర్తు) 8వ నిమిషంలో లేచింది, రెండోది 10వ నిమిషంలో. పూతకు అస్సలు అంటని పదార్థమైతే దాదాపు 3 నిమిషాల్లో బయటపడుతుంది. మన రెండు అణువులూ ద్రవంతో ప్రయాణించింది ఆ 3 నిమిషాలే! అంటుకున్నంతసేపు అణువు ముందుకు పోదు. అంటే ఒకటి 5 నిమిషాలు ఆగింది, ఇంకోటి 7. అదీ ఒకేచోట కాదు. అంటుకుని, ఊడి, కాస్త కొట్టుకుపోయి, మళ్లీ అంటుకుని, ఇలా వేలసార్లు. సంతలో ఒకే నడక నడిచే అక్కాచెల్లెళ్లలో ఒకామె ప్రతి కొట్టు దగ్గరా ఇంకాస్త బేరమాడినట్టు. "వేగంగా పరిగెత్తే అణువు" అన్న వాక్యం కొట్టెయ్. అన్ని అణువులూ సరిగ్గా అంతే సేపు ఆగవు కాబట్టే పీక్ గీతలా కాక గుట్టలా వస్తుంది.

"గట్టిగా పట్టుకుంటుంది" కూడా వద్దు. ఈ రెండింటి పట్టులో తేడా మోల్‌కి 1 కిలోజౌల్ కూడా ఉండదు. మామూలు హైడ్రోజన్ బంధమే 20 దాకా ఉంటుంది.

కొత్త మందు వస్తే ఏ కాలమ్‌లో విడిపోతుందో చాలాసార్లు వాళ్లకీ ముందే తెలియదు. ఒకటి తీసి ఇంకోటి బిగించి చూస్తారు. అది దాచకుండా రాయి. శనివారంలోగా పంపితే ఆదివారం చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు