తిరుపతి నుంచి డ్రామా స్కూల్‌కి వెళ్లాలంటే ఇప్పటి నుంచి ఏం చేయాలి?

మీరు తిరుపతిలో డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నానని, నటన వృత్తిగా నేర్చుకోవాలని అడిగారు. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959లో మొదలైంది, కోర్సు మూడేళ్లు. డిగ్రీ ఒక్కటే చాలదు, కనీసం ఆరు నాటకాల్లో పాల్గొని ఉండాలి. హిందీ, ఇంగ్లీషు పని నడిచేంత రావాలి. మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఆ ఆరు నాటకాల దగ్గరే. అందుకని ముందు ఒక నాటక బృందంలో చేరండి. చిన్న వేషమైనా సరే, కరపత్రాలు, ఫొటోలు దాచుకోండి.

వేసవిలో చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది కదా, ఆ వీధి నాటకాలు తెల్లవార్లూ కూర్చుని చూడండి. గొంతు పోకుండా పద్యం, వచనం ఎలా లాగుతారో అక్కడ తెలుస్తుంది. డ్రామా స్కూల్లో నేర్పేదీ ముందు అదే: ఊపిరి, గొంతు, ఒళ్లు. కెమెరా ముందు నటన తర్వాతి మాట.

ఢిల్లీ దూరమనుకుంటే అదే స్కూల్‌ బెంగళూరు కేంద్రంలో ఏడాది కోర్సు ఉంది. తెలుగు రాష్ట్రాల్లోనే చదవాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగాలున్నాయి. నెల రోజుల్లో హీరోని చేస్తామనే చోట మాత్రం డబ్బు కట్టొద్దు. నేను కట్టాను, ఫొటో ఆల్బమ్ మిగిలింది.