కోటా దాటిన గింజ ఎవరిది? డెంగ్ సంస్కరణలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: చైనా నేత డెంగ్ షియావోపింగ్ అధికారంలోకి రాగానే కమ్యూన్లు (ఊళ్ల ఉమ్మడి సాగు సంఘాలు) రద్దు చేసి రైతులకు భూములు పంచాడని చదివాను. పరీక్షలో అలాగే రాయవచ్చా?
– సివిల్స్ అభ్యర్థి, విజయనగర్, బెంగళూరు

జవాబు: రాయకండి. భూమి పంచలేదు, సాగు హక్కు మాత్రమే ఇచ్చారు. ఆ పని మొదలుపెట్టింది కూడా డెంగ్ కాదు. 1978 చివర్లో అన్హుయి రాష్ట్రంలోని షియావోగాంగ్ పల్లెలో 18 మంది రైతులు రహస్యంగా ఒక కాగితం రాసుకుని వేలిముద్రలు వేశారు. ఉమ్మడి పొలాన్ని ఇంటింటికీ విడగొట్టుకుంటాం, సర్కారుకు కట్టాల్సిన ధాన్యం కడతాం, ఇందుకు పెద్దలు జైలుకు పోతే వాళ్ల పిల్లల్ని 18 ఏళ్లు వచ్చేదాకా మిగతావాళ్లం సాకుతాం అని అందులోని మాట. ఆ డిసెంబరులోనే బీజింగ్‌లో జరిగిన కమ్యూనిస్టు పార్టీ 11వ కేంద్ర కమిటీ మూడో ప్లీనం (సర్వసభ్య సమావేశం) సంస్కరణలకు నాంది అని మనం చదువుకుంటాం. ఆ ప్లీనం వ్యవసాయ ముసాయిదాలో ఇంటింటి సాగు కూడదనే ఉంది! అన్హుయి పార్టీ కార్యదర్శి వాన్ లీ అండగా నిలవడం వల్లే ఆ పద్ధతి బతికింది. డెంగ్ దాన్ని బాహాటంగా మెచ్చుకున్నది 1980 మేలో. కమ్యూన్లు పూర్తిగా పోయేసరికి 1984 వచ్చింది.

ఇంటింటి సాగు ఒప్పందం సాగే తీరు ఇదీ: సర్కారు కోటా ముందు కట్టాలి, ఊరి ఉమ్మడి వాటా తీయాలి, మిగిలిందంతా ఇంటిది. దీనికి ధర తోడైంది. 1979 వేసవి పంట నుంచి కోటా ధాన్యం ధర 20 శాతం పెంచారు, కోటాకు మించి అమ్మితే ఆ కొత్త ధర మీద మరో 50 శాతం అదనం. పాత ధర 100 అనుకుంటే కోటా గింజకు 120, ఆపైన గింజకు 180. రైతు ఎరువు వేయాలా వద్దా అని లెక్క చూసుకునేది ఆ చివరి బస్తా మీదే కాబట్టి 180 అన్న అంకె పల్లెల్ని కదిలించింది. 1978లో సుమారు 30.5 కోట్ల టన్నులున్న ఆహారధాన్యం దిగుబడి 1984లో 40.7 కోట్ల టన్నులైంది. రసాయన ఎరువులు, హైబ్రిడ్ వరి వంగడాలు కూడా ఆ ఏళ్లలోనే పెరిగాయి. దిగుబడి ఘనతంతా ఒప్పందానికే ఇస్తే సగం జవాబే అవుతుంది.

చెడిందెక్కడో చాలామంది రాయరు. పట్నంలో రేషన్ ధర పెంచకుండా పల్లెలో కొనుగోలు ధర పెంచడంతో తేడా అంతా ఖజానా మీద పడింది. పంట ఎక్కువయ్యేకొద్దీ సబ్సిడీ పెరిగింది. భరించలేక 1985లో తప్పనిసరి కొనుగోలు ఎత్తేసి కాంట్రాక్టు కొనుగోలు పెట్టారు. 30 శాతం ధాన్యానికి పాత కోటా ధర, 70 శాతానికి అదనపు ధర. పై లెక్కలో అన్ని గింజలకూ సగటు 162. సగటున రైతుకు పెద్ద నష్టం లేదనిపిస్తుంది కానీ చివరి బస్తా ధర 180 నుంచి 162కి దిగిపోయింది. ఆ ఏడాది దిగుబడి 37.9 కోట్ల టన్నులకు పడిపోయింది. మొదట్లో సాగు గడువు రెండు మూడేళ్లే కావడంతో పశువుల ఎరువు వేసి నేలను బాగుచేసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. అందుకే 1984లో గడువును 15 ఏళ్లకు పెంచారు. ఉమ్మడిగా చూసుకునే కాలువల మరమ్మతు మూలపడింది. పల్లె సహకార వైద్యం చాలాచోట్ల కూలిపోయింది, దాని బాధ పేదలు ఏళ్ల తరబడి పడ్డారు.

ప్రశ్న: డెంగ్ ఫ్యాక్టరీలో పనిచేశాడంటారు, నిజమా?
– ఫిట్టర్, రాజాజీనగర్

జవాబు: నిజమే, రెండుసార్లు. సిచువాన్‌లో 1904లో పుట్టిన డెంగ్ 16 ఏళ్లకు ఫ్రాన్స్ వెళ్లాడు. లె క్రూజో ఉక్కు కర్మాగారంలో, మోంతార్జీ దగ్గర రబ్బరు బూట్లు చేసేచోట, చివరికి పారిస్ శివార్లలో రెనో కార్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేశాడు. కమ్యూనిస్టు అయింది అక్కడే. మావో నడిపిన సాంస్కృతిక విప్లవంలో పదవులు ఊడగొట్టి 1969లో జియాంగ్‌షీ రాష్ట్రానికి పంపినప్పుడు, ట్రాక్టర్ల మరమ్మతు కర్మాగారంలో 65 ఏళ్ల వయసులో మళ్లీ ఆకురాయి పట్టి బెంచీ దగ్గర నిలబడ్డాడు. 1973లో వెనక్కి పిలిచారు, 1976 ఏప్రిల్‌లో మళ్లీ తీసేశారు, 1977 జులైలో తిరిగి వచ్చాడు.

ప్రశ్న: అప్పటి చైనాలో ఒకే ఉక్కుకు రెండు ధరలు ఉండేవట. అలాంటిచోట వర్క్‌షాపు ఎలా నడుస్తుంది?
– మెషిన్ షాపు యజమాని, పీణ్య

జవాబు: పల్లె సూత్రమేనండి ఫ్యాక్టరీకీ వచ్చింది. సర్కారు కోటా సర్కారు ధరకు ఇచ్చేయాలి, ఆపైన చేసింది అమ్ముకోవచ్చు. 1984 మేలో ఆ అమ్మకం ప్రణాళిక ధరకు 20 శాతం అటూ ఇటూ ఉండాలని పరిమితి పెట్టారు, 1985 మొదట్లో అదీ తీసేశారు. ఉదాహరణకు, మీ మిల్లు కోటా 800 టన్నులు అనుకోండి. ఆ 800 టన్నులకు కావలసిన బొగ్గు, ముడిసరుకు చవక ధరకు సర్కారే ఇస్తుంది. ఇంకో 200 టన్నులు చేయాలంటే ముడిసరుకు బయట కొనాలి, సరుకు బయట అమ్మాలి. పాత కోటా అలాగే ఉంటుంది కాబట్టి ఎవరి వాటా తగ్గదు, ఎవరూ అడ్డుపడరు. కొత్తగా చేసే ప్రతి టన్నూ మాత్రం బజారు ధర చూసుకునే చేస్తారు. ఆ 200 టన్నులే ఏటేటా పెరిగి 800ను మించిపోతాయి. నా దృష్టిలో డెంగ్ కాలపు అసలు తెలివి ఇదే.

తెగులు కూడా ఇందులోనే ఉంది. కోటా చీటీ సంపాదించగల అధికారి, అతని బంధువు ఉక్కును చవక ధరకు ఎత్తి, గోదాము దాటకుండానే బజారు ధరకు అమ్మేసేవారు. సరుకు కదలదు, కాగితమే చేతులు మారుతుంది. 1988 వేసవిలో ధరలన్నీ ఒకేసారి వదిలేస్తారన్న వార్త పొక్కగానే జనం బ్యాంకుల్లోంచి డబ్బు తీసి సబ్బులు, ఉప్పు, బట్టలు దొరికినంత కొన్నారు. ఆ ఏడాది ద్రవ్యోల్బణం 18 శాతం దాటింది. సర్కారు వెనక్కి తగ్గింది.

ప్రశ్న: మా ఆఫీసు సెజ్‌లోనే ఉంది. షెన్‌జెన్ కూడా సెజ్జే. అంత తేడా ఎందుకు?
– ఐటీ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్

జవాబు: సెజ్ అంటే ప్రత్యేక ఆర్థిక మండలి. పేరు ఒకటే, వస్తువు వేరు. మన 2005 చట్టం కింద ఐటీ సెజ్‌కు మొదట్లో 10 హెక్టార్లు ఉంటే చాలు. షెన్‌జెన్ జోన్ మొదట్లో 327.5 చదరపు కిలోమీటర్లు, అంటే రేవు, ఇళ్లు, కూలీలు అన్నీ ఉన్న ఒక ఊరు. అప్పట్లో లాభం మీద పన్ను 15 శాతం, పక్కనే హాంకాంగ్ పెట్టుబడి. అంతకంటే ముఖ్యం, మిగతా దేశంలో చెల్లని నిబంధనను అక్కడ ముందు పెట్టి చూడగలిగారు. షెన్‌జెన్‌లోని షెకౌ రేవు పనుల్లో 1979లో ట్రక్కు డ్రైవర్లకు రోజుకు 55 ట్రిప్పుల కోటా పెట్టి, కోటా దాకా ట్రిప్పుకు 2 ఫెన్‌లు, దాటితే 4 ఫెన్‌లు బోనస్ ఇచ్చారు. ఫెన్ అంటే యువాన్‌లో నూరోవంతు. అంత చిన్న మొత్తానికే మట్టి తరలింపు ఊపందుకుంది. 1980లో పైవాళ్లు దాన్ని ఆపించారు, కొన్ని నెలలకు మళ్లీ అనుమతి వచ్చింది. 1987 డిసెంబరు 1న షెన్‌జెన్‌లో భూ వినియోగ హక్కును వేలం వేశారు. అప్పటికి రాజ్యాంగం దానికి ఒప్పుకోదు. రాజ్యాంగాన్ని సవరించింది 1988 ఏప్రిల్‌లో.

ప్రశ్న: తియానన్‌మెన్ తర్వాత కూడా సంస్కరణలు ఎలా సాగాయి?
– డిగ్రీ విద్యార్థిని, మారతహళ్లి

జవాబు: తియానన్‌మెన్ చౌకులో విద్యార్థుల నిరసనను అణచడానికి 1989 జూన్ 3, 4 తేదీల్లో బీజింగ్ వీధుల్లోకి సైన్యాన్ని దింపిన నిర్ణయంలో డెంగ్‌దే ప్రధాన పాత్ర. నిరాయుధులైన పౌరులు, విద్యార్థులు చనిపోయారు. ఆర్థిక ఫలితాలు ఎంత పెద్దవైనా ఆ లెక్క మాసిపోదు. ఆ తర్వాత రెండేళ్లు పార్టీలో ప్రణాళికావాదుల మాటే నెగ్గింది. ఏ పదవీ లేని 87 ఏళ్ల డెంగ్ 1992 జనవరి 18 నుంచి ఫిబ్రవరి 21 దాకా వూచాంగ్, షెన్‌జెన్, జూహై, షాంఘై తిరిగి, సంస్కరించనివాళ్లు దిగిపోవాలన్నాడు. బీజింగ్ పత్రికలు మొదట ఆ మాటల్ని వేయలేదు. సైన్యం మద్దతు ఆయనకే ఉందని తేలాక గాలి మారింది. ఆ అక్టోబరులో 14వ పార్టీ మహాసభ ‘సోషలిస్టు మార్కెట్ ఆర్థిక వ్యవస్థ’ను లక్ష్యంగా ఆమోదించింది. డెంగ్ 1997 ఫిబ్రవరి 19న మరణించాడు.