అక్షరాలు రాని బుడ్డోడికి ఏ వీడియో గేమ్ పెట్టాలి

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. వాడికి నాలుగేళ్లు నిండాయి, ఇంకా అక్షరాలు రావు, గేమ్ కావాలని ప్రాణం తీస్తున్నాడు, ఏది పెట్టమంటావు బాబాయ్ అని అడిగావు. ఒక పేరు చెప్పేసి ఊరుకుంటే నీకూ సులువే, నాకూ సులువే. కానీ నెల తిరక్కుండా దాని మీద వాడికి మొహం మొత్తుతుంది, మళ్లీ నన్నే అడుగుతావు. అందుకే ఎలా ఏరుకోవాలో చెబుతాను, పేర్లు మధ్యమధ్యలో అవే వస్తాయి. పిల్లలతో ఆడాను, ఇప్పుడు మనవలతో ఆడుతున్నాను, ఈ విషయంలో తినాల్సిన దెబ్బలన్నీ తిని ఉన్నాను.

ముందు ఒక పని చెయ్యి. ఏ గేమ్ అయినా వాడి చేతిలో పెట్టే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, భాషను నీకు ఒక్క ముక్క కూడా రానిదానికి మార్చు. కొరియన్ పెట్టుకో, జపనీస్ పెట్టుకో, నీ ఇష్టం. (మళ్లీ వెనక్కి మార్చుకునే దారిని ముందే ఫోటో తీసి పెట్టుకో. నేనోసారి తీసుకోలేదు, ఆ గేమ్ మూడు రోజులు కొరియన్‌లోనే ఉండిపోయింది.) ఇప్పుడు పది నిమిషాలు ఆడు. ఎక్కడ నొక్కాలో తెలుస్తోందా? ఓడిపోతే ఎందుకు ఓడిపోయావో అర్థమవుతోందా? తెర మీదకి ఏదో అడుగుతూ ఒక డబ్బా వస్తే ఏం చేస్తున్నావు, కనిపించిన బటన్ నొక్కేసి ముందుకు పోతున్నావు కదా? వాడూ అంతే చేస్తాడు. ఆ పది నిమిషాల్లో నీకు విసుగొస్తే వాడికి రెండో నిమిషంలోనే వస్తుంది, "అమ్మా ఇదేంటి" అని పిలుస్తూనే ఉంటాడు, నీకు ఇంకో పని సాగదు.

అక్షరాలు రాని పిల్లలు తెర మీద అన్నిటికంటే పెద్దగా, మెరుస్తూ ఉన్నదాన్ని నొక్కుతారు. ఇది మనకంటే గేమ్‌లు తయారుచేసేవాళ్లకు బాగా తెలుసు. మా మనవడు ఒకసారి నా టాబ్లెట్ తీసుకుని, నేను నెలలుగా ఆడుతున్న ఒక గేమ్ తెరిచాడు. కొత్తగా మొదలుపెడితే పాతదంతా పోతుంది, సరేనా అని అది అడిగింది, వాడు సరే నొక్కాడు. అంతే, మొత్తం పోయింది. వాడి తప్పేముంది చెప్పు, పచ్చగా ఉన్న బటన్ నొక్కాడు. అప్పటి నుంచి పిల్లలకు వేరే ప్రొఫైల్ పెడుతున్నాను, లేదంటే ఆ గేమ్‌లో వేరే స్లాట్ (ఆట దాచుకునే చోటు) ఇస్తున్నాను. నువ్వూ ఈ రోజే పెట్టెయ్.

నాది గేమ్ పోయింది, అంతటితో సరిపోయింది. కొంతమందికి డబ్బులు పోయాయి. పిల్లలు తెలియక గేమ్‌లలో కొన్నవాటికి తల్లిదండ్రుల కార్డుల నుంచి డబ్బు కట్ అయిన గొడవ మీద, 2014లో అమెరికాలో ఆపిల్ కంపెనీ కనీసం 3.25 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. అంటే ఇది నీ ఒక్కదాని అజాగ్రత్త సంగతి కాదు. కొనే ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టు, వాడు ఆడే టాబ్లెట్‌లో కార్డు వివరాలు అసలు లేకపోతే ఇంకా మంచిది. ఉచితం అని రాసి ఉన్న గేమ్‌ల దగ్గర మరీ జాగ్రత్త. ప్రకటన మూసే గుర్తు మనకే కనపడనంత చిన్నగా ఉంటుంది, ఇక వాడి వేలు దాని మీద పడటం వట్టి మాట. నన్నడిగితే ఈ వయసుకి ఒక్కసారి డబ్బు కట్టి కొనేసే గేమ్‌లే చివరికి చవక. ఖాన్ అకాడమీ కిడ్స్ లాంటివి మినహాయింపు, అది ఉచితమే, ప్రకటనలు ఉండవు, లోపల కొనేవీ ఉండవు. ఇంటర్నెట్ లేకుండా ఆడగలిగే గేమ్ అయితే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఇవ్వు, సగం బాధ తగ్గుతుంది.

వాయిస్ ఉంది కదా, చదవకపోతే ఏం అనుకుంటావేమో. ఆ వాయిస్ ఏ భాషలో ఉంది? మీ ఇంట్లో మాట్లాడే భాష కాకపోతే వాడికి అదీ అక్షరాలతో సమానమే. ఇంకో తిరకాసు కూడా ఉంది. యానిమల్ క్రాసింగ్ అనే గేమ్‌లో జంతువులు ముద్దుముద్దుగా మాట్లాడుతున్నట్టే వినిపిస్తాయి, కానీ అది ఏ భాషా కాదు, ఉత్త చప్పుడు, చెప్పేదంతా తెర మీద అక్షరాల్లోనే ఉంటుంది. పోకెమాన్ అసలు గేమ్‌లూ అంతే, పేజీలకు పేజీలు చదవాలి. బొమ్మలు చూసి పిల్లల గేమ్ అనుకుని తెస్తారు, తెచ్చాక పక్కన కూర్చుని చదివి పెట్టే కూలీ మనమే. చదివి పెట్టడం నీకు సరదా అయితే తెచ్చుకో, కథ చెప్పినట్టే ఉంటుంది. పని చేసుకుంటూ వాణ్ణి ఆడనివ్వాలంటే మాత్రం వద్దు.

గేమ్ డబ్బా మీద 3 అని ఉందని కూడా మోసపోకు. యూరప్‌లో 2003 నుంచి వాడుతున్న పెగి అనే వయసు రేటింగ్‌లో 3, 7, 12, 16, 18 అని ఉంటాయి. ఆ 3 చెప్పేది అందులో మూడేళ్ల పిల్లలు చూడకూడనిది ఏదీ లేదని మాత్రమే, మూడేళ్ల పిల్లలు ఆడగలరని కాదు. ఫిఫా ఫుట్‌బాల్ గేమ్‌లకీ 3 వచ్చింది. ఆ కంట్రోలర్ మీద ఉన్న బటన్లన్నీ ఎప్పుడు ఏది నొక్కాలో నాకే ఇప్పటికీ సరిగ్గా రాదు.

చేతుల సంగతి చాలామంది ఆలోచించరు. రెండు కర్రలున్న కంట్రోలర్‌తో ఒక బొటనవేలితో నడుస్తూ, ఇంకో బొటనవేలితో అటూ ఇటూ చూడటం నాలుగేళ్ల పిల్లలకి చాలా కష్టం. నేల వైపు చూస్తూనో ఆకాశం వైపు చూస్తూనో నడుస్తుంటారు. అందుకే కెమెరాను గేమే తిప్పుకునేవి, పక్క నుంచి చూపించేవి చూడు. టచ్ అయితే ఒక్కసారి నొక్కడం వస్తుంది, వేలు తీయకుండా లాగడం కొంచెం ఆలస్యంగా వస్తుంది, రెండుసార్లు గబగబా నొక్కడం ఇంకా ఆలస్యం. టాబ్లెట్ పట్టుకున్న ఎడమ చేతి బొటనవేలు అద్దం మీదే ఉండిపోతుంది, కొన్ని గేమ్‌లు దాన్ని కూడా నొక్కడం కిందే లెక్కేసి ఇక పలకవు. వాడేమో పాడైపోయిందని ఏడుస్తాడు. మందపాటి అంచు ఉన్న కవర్ వేస్తే సరిపోతుంది. గేమ్‌లోంచి బయటికి జారిపోకుండా ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్ అని ఉంది, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్ చేసే సదుపాయం ఉంది.

ఇక పేర్లు. ఒంటరిగా ఆడుకోవడానికి టోకా బోకా, సాగో మినీ అనే కంపెనీల గేమ్‌లు మంచివి. స్కోర్ పెద్దగా పట్టదు, ఓడిపోవడం ఉండదు, చదవాల్సింది దాదాపు ఏమీ ఉండదు, ఏది ముట్టుకున్నా ఏదో ఒకటి జరుగుతుంది. టోకా బోకా వరల్డ్ (ఇదివరకు టోకా లైఫ్ వరల్డ్ అనేవారు) మాత్రం లోపల కొత్త ఇళ్లూ బొమ్మలూ అమ్ముతూ ఉంటుంది, చూసుకో. ఇంకో ఏడాది పోయాక స్క్రాచ్ జూనియర్ పెట్టు, ఐదు నుంచి ఏడేళ్ల వాళ్ల కోసం చేశారు, ఉచితం, బొమ్మల ముక్కలు వరసగా పేర్చి పిల్లిని నడిపించాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. ఎడ్యుకేషనల్ అని రాసుకుని, రంగు పేరేమిటి, అంకె ఏది అని పరీక్షలు పెట్టే యాప్‌లు మాత్రం నాకు గిట్టవు. తప్పు చేసినప్పుడు వచ్చే చప్పుడు తమాషాగా ఉంటే పిల్లలు కావాలనే తప్పు నొక్కుతారు, నేను కళ్లారా చూశాను.

మీ ఇద్దరూ కలిసి ఆడాలంటే ఇంకా మంచివి ఉన్నాయి. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో స్మార్ట్ స్టీరింగ్ పెడితే కారు రోడ్డు దాటి పడిపోదు, దానంతట అదే ముందుకు వెళ్లేలా కూడా పెట్టొచ్చు, వాడు పక్కకి తిప్పితే చాలు. సూపర్ మారియో బ్రదర్స్ వండర్‌లో యోషీ, నాబిట్ అనే పాత్రల్లో ఒకదాన్ని ఎంచుకుంటే శత్రువులు తగిలినా ఏమీ కాదు (గోతిలో పడితే మాత్రం పడినట్టే). సూపర్ మారియో ఒడిస్సీలో ఇద్దరు ఆడితే ఒకరు మారియో, ఒకరు ఆయన టోపీ. వాడికి టోపీ ఇవ్వు, మొదటిసారి దాని మీదే మోజు పడతాడు. మైన్‌క్రాఫ్ట్ అడుగుతాడు, ఎలాగూ అడుగుతాడు. క్రియేటివ్‌లో (ప్రాణభయం లేకుండా కట్టుకునే మోడ్) పెట్టు, దాంతో పాటు పీస్‌ఫుల్ (శత్రువులు రాని సెట్టింగ్) కూడా పెట్టు. క్రియేటివ్ ఒక్కటే పెడితే రాత్రిపూట జాంబీలు ఏమీ చేయకపోయినా తిరుగుతూనే ఉంటాయి, వాడు నీ పక్కలోకి వచ్చి పడుకుంటాడు. బయటివాళ్లతో కలిసి ఆడే సర్వర్లు ఇప్పుడు అస్సలు వద్దు, అక్కడి చాట్ వాడు చదవలేడు, ఏం నడుస్తోందో నీకూ తెలియదు.

ఒకటి మాత్రం చెయ్యకు. కనెక్ట్ చెయ్యని కంట్రోలర్ చేతికిచ్చి, నువ్వే ఆడుతున్నావు నాన్నా అని చెప్పడం. రెండేళ్లప్పుడు నడుస్తుంది. మా చిన్నదానికి నాలుగేళ్లప్పుడు నేనూ అదే చేశాను. అది నా మొహం చూసి, కంట్రోలర్ చూసి, బటన్లన్నీ వదిలేసి నిలబడింది. తెర మీద బొమ్మ పరిగెడుతూనే ఉంది. ఆ తర్వాత వారం రోజులు నాతో ఆడనంది.

ఎంతసేపు అన్నదానికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు కూర్చుని తెర చూసే సమయం రోజుకి గంట దాటకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది అని చెప్పింది. ఆ గంటలో టీవీ, ఫోన్ కూడా ఉన్నాయని మర్చిపోకు. పదిహేను నిమిషాలు అంటే వాడికి తెలియదు, గడియారం కూడా చదవలేడు కదా. రెండు రేసులు అంటే తెలుస్తుంది. అందుకే ముగింపు ఉన్న గేమ్‌లు మేలు. రేసు అయిపోతుంది, లెవెల్ అయిపోతుంది, ఆపడానికి ఒక చోటు దొరుకుతుంది. అంతూ పొంతూ లేకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చేవి, రేపు రాకపోతే బహుమతి పోతుంది అని బెదిరించేవి దగ్గరికి రానివ్వకు. మధ్యలో చటుక్కున లాక్కున్నావో, ఆ ఏడుపుకి గేమ్‌ని తిట్టకు.

నేను వచ్చే ఆదివారం వస్తున్నాను. రెండు కంట్రోలర్లూ చార్జ్ చేసి ఉంచు. ఒకటో నంబర్ వాడికి, రెండోది నాకు.

మీ బాబాయి