జెండా గీసే ముందు కొలతలు చూడు

చి. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన జెండా ఫైలు చూశాను. గీతలు శుభ్రంగా ఉన్నాయి గానీ, చక్రం తెల్లపట్టీ అంచుల్ని పైనా కిందా తాకుతోంది. ఎక్కడో దొరికిన బొమ్మ మీద ట్రేస్ చేశావని అక్కడే తెలిసిపోయింది. ఆ బొమ్మ వేసినవాడు మరొకడి బొమ్మ చూసి వేసుంటాడు. ఏ దేశం జెండా అయినా ముందు దాని కొలతలు పట్టుకో, బొమ్మ తర్వాత చూడొచ్చు.

మన జెండాకి ఐఎస్ 1 (ఇండియన్ స్టాండర్డ్ 1) అనే ప్రమాణపత్రం ఉంది, మొదట 1951లో వచ్చింది, 1968లో సవరించారు. సైజుల వారీగా చక్రం వ్యాసం ఎంత ఉండాలో అందులో మిల్లీమీటర్లలో ఇచ్చారు. 1800 × 1200 జెండాకి 370. నువ్వు ఆ వరసే తీసుకో, భిన్నాల గొడవ ఉండదు. కాన్వాసు 1800, 1200 పెట్టుకుంటే ఒక్కో పట్టీ 400, చక్రం కేంద్రం 900, 600 దగ్గర, వ్యాసార్ధం 185. చక్రానికి పైనా కిందా పదిహేనేసి తెలుపు మిగలాలి. అదే పట్టికలో బల్లమీద పెట్టుకునే 150 × 100 జెండాకి చక్రం 25 అని ఉంటుంది. ఆ లెక్కన పెద్ద జెండా గీశావో, చక్రం చిక్కిపోతుంది.

చక్రంలోని ఇరవైనాలుగు ఆకులూ, అంటే కేంద్రం నుంచి అంచుకి పోయే కడ్డీలు, విడివిడిగా గీయకు. నిటారుగా ఒక్కటి గీయి, రెండు కొసలా సన్నగా, నడుమ కాస్త వెడల్పుగా. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో దాన్ని ఎంచుకుని మళ్ళీ ఒకసారి నొక్కితే మధ్యలో చిన్న కూడిక గుర్తు కనపడుతుంది. దాన్ని లాగి సరిగ్గా చక్రం కేంద్రం మీద పెట్టు. ఇక నకలు తియ్యడం, కంట్రోల్ పట్టుకుని తిప్పడం. మామూలుగా అది 15 డిగ్రీలకొకసారి ఆగుతుంది, మనక్కావలసిందీ అంతే. ఆకుల మధ్య అంచుకి అతుక్కుని ఉండే చిన్న అర్ధవృత్తాలు చాలామంది మర్చిపోతారు. వాటిని ఏడున్నర డిగ్రీలు జరిపి మొదలుపెట్టు.

మూడు పట్టీలు పక్కపక్కన పేరిస్తే కొన్ని తెరల మీద మధ్యలో వెంట్రుకంత గీత కనపడుతుంది. అందుకని ముందు జెండా అంతా తెల్లగా పరిచి, దాని మీద కాషాయం, ఆకుపచ్చ వెయ్యి.

రంగుల దగ్గర మాత్రం తలనొప్పి తప్పదు. ప్రమాణపత్రం గుడ్డకి రాసింది, తెరకి కాదు. అందులో రంగుల కొలతలున్నాయి గానీ నీ సాఫ్ట్‌వేర్ అడిగే ఆరక్షరాల కోడ్ ఉండదు. ఒక కోడ్ ఖాయం చేసుకుని, ఎక్కడ తీసుకున్నావో ఫైల్లోనే రాసిపెట్టు. చక్రం ముదురు నీలమే, ఆకాశనీలం వేశావంటే ఊరుకోను.

పక్క దేశాల జెండాలకీ కంటిని నమ్మకు. బంగ్లాదేశ్ ఎర్రటి వృత్తం నడిమధ్యన ఉండదు. పొడవు 1000, ఎత్తు 600 అనుకుంటే కేంద్రం కర్ర వైపునుంచి 450 దగ్గర, వ్యాసార్ధం 200. చైనా జెండాలో నాలుగు చిన్న నక్షత్రాలూ ఒక్కో కొనని పెద్దదాని కేంద్రం వైపు తిప్పుకుని ఉంటాయి, కాబట్టి ప్రతిదానికీ కోణం వేరు. నేపాల్‌ది సులువే, ఓపిక ఉంటే చాలు. ఏ గీత తర్వాత ఏ గీతో వాళ్ళ రాజ్యాంగమే వరసగా చెబుతుంది.

ఎవరైనా అడిగితే ఏ ఏడాది జెండా కావాలో కనుక్కో. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి ఇచ్చిన నమూనాకీ, 1947 జులై 22న రాజ్యాంగ సభ ఒప్పుకున్న జెండాకీ చాలా తేడా ఉంది. జపాన్ వృత్తం కూడా 1999 చట్టానికి ముందు కర్ర వైపు ఒక పిసరు జరిగి ఉండేది.

శ్రీలంక సింహం జోలికి ఇప్పుడే పోకు. ముందు మన చక్రం సరిచేసి పంపు. పీడీఎఫ్ వద్దు, గీతల కొలతలు అంకెల్లో రాసి ఉండే ఎస్‌వీజీ ఫైలే పంపు, లోపల ఆ అంకెలు చూడాలి.

మీ పెదనాన్న